టప్పున ఆగిపోయే లాప్‌టాప్: విప్పే ముందు అడగాల్సిన ప్రశ్నలు

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, లాప్‌టాప్‌లు రిపేరు చేసే ఒక టెక్నీషియన్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ పై ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపు. ఉక్కపోస్తుంది, తెలుసు. ఒక్క నిమిషమే.

లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఆన్ చేసే ఉంచారు కదా? దాని పక్కన గానీ, వెనక అంచున గానీ, మూత మడత దగ్గర గానీ వేడి గాలి బయటికొచ్చే సందు ఒకటి ఉంటుంది. అక్కడ అరచెయ్యి పెట్టండి. గాలి తగులుతోందా? గట్టిగా వస్తోందా, వస్తోందో లేదో అన్నట్టుందా? వేడిగా ఉందా, చల్లగా ఉందా? ఇప్పుడు చెవి దగ్గర పెట్టి వినండి. లోపల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందా? మాస్టారూ, మీ చేతిలో ఉన్న మోడల్‌కి అసలు ఫ్యానే ఉండదు. 2020 నుంచి వస్తున్న యాపిల్ చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లకి ఫ్యాన్ తీసేశారు. మీరు పక్కవాళ్లది చూడండి.

సరే, పై ఫ్యాన్లు వేసేయ్ బాబూ.

ఇప్పుడు మీరు చేసిన పనికి పైసా ఖర్చు లేదు. కానీ సగం సంగతి అక్కడే తేలిపోతుంది. ఫ్యాన్ హోరుమంటోంది, చేతికి మాత్రం గాలి తగలడం లేదు. అంటే? దారి మూసుకుపోయింది, దుమ్ము. ఫ్యాన్ చప్పుడే లేదు, అడుగు మాత్రం కాలిపోతోంది. అంటే? ఫ్యాన్ పోయింది, లేదా ఇరుక్కుంది. ఇక మూడోది. ఇదే చాలామందికి తెలియదు. ఫ్యాన్ తిరుగుతోంది, గాలీ బాగా వస్తోంది, ఆ గాలి చల్లగా ఉంది. అబ్బ, చల్లగా వస్తోంది కదా, బాగుంది అనుకుంటాం. కాదండీ. లోపల చిప్, అంటే ప్రాసెసర్, కాలిపోతూ ఉండి, బయటికొచ్చే గాలి చల్లగా ఉందంటే, ఆ వేడి ఫ్యాన్ దాకా రావడం లేదన్నమాట. మధ్యలో ఎక్కడో తెగింది. చిప్ మీద పూసే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, లేదంటే వేడిని చిప్ నుంచి ఫ్యాన్ దాకా మోసే రాగి గొట్టం దెబ్బతిని ఉంటుంది.

అయితే అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మా బెంచి దగ్గరికి వచ్చే పదిమందిలో ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట: "హీటెక్కి ఆగిపోతోందండీ". సరేనండీ. హీటెక్కడం ఒక సంగతి, ఆగిపోవడం ఇంకో సంగతి. రెండూ జరుగుతున్నాయి, నిజమే. ఒకదానివల్ల ఇంకోటి జరుగుతోందని మీకెవరు చెప్పారు? వైజాగ్‌లో మే నెలలో అన్ని లాప్‌టాప్‌లూ వేడెక్కుతాయి. ఆగిపోయేవి కొన్నే.

అందుకే నేను స్క్రూడ్రైవర్ తీయను. ముందు అడుగుతాను. ఏం చేస్తుండగా ఆగింది? ఆన్ చేసిన ఎంతసేపటికి ఆగింది? ఛార్జర్ పెట్టి ఉందా, లేదా? ఆగిన వెంటనే మళ్లీ ఆన్ అయిందా, కాసేపు ఆగాక గానీ ఆన్ అవ్వలేదా? ఈ నాలుగూ చెప్పండి చాలు.

వేడి వల్ల ఆగేదానికి ఒక తీరు ఉంటుంది. ముందు ఫ్యాన్ గోల పెంచుతుంది. తర్వాత పని నెమ్మదిస్తుంది, మౌస్ కూడా ఈడ్చుకుంటూ కదులుతుంది. ఆ తర్వాత టప్పున ఆగిపోతుంది. వెంటనే బటన్ నొక్కితే రాదు, వచ్చినా నిమిషంలో మళ్లీ పోతుంది. ఓ పావుగంట వదిలేస్తే బుద్ధిగా ఆన్ అవుతుంది. వీడియో ఎడిటింగ్, గేమ్, పెద్ద జూమ్ మీటింగ్, ఇలాంటి బరువు పని పడ్డప్పుడే ఇది జరుగుతుంది.

వేడి కానిదానికి ఆ తీరు ఉండదు. ఊరికే వర్డ్‌లో టైప్ చేస్తుంటే పోతుంది. ఫ్యాన్ నిశ్శబ్దంగానే ఉంటుంది. వెంటనే బటన్ నొక్కితే వెంటనే వస్తుంది. లాప్‌టాప్ కొంచెం కదిపితే పోతుంది. ఛార్జర్ తీస్తే పోతుంది. నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయితే అది ఇంకో దారి. ర్యామ్, డ్రైవర్, డిస్క్, అటువైపు వెళ్లి వెతకాలి.

ఒక సంగతి చెప్తాను. డిగ్రీ కాలేజీలో చెప్పే మేడమ్ ఒకావిడ వచ్చారు. ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోతోంది, వేడెక్కిపోతోంది అన్నారు. అప్పటికే ఒక షాపులో చూపించారట. వాళ్లు ఫ్యాన్ మార్చారు, పేస్ట్ మార్చారు, బిల్లు తీసుకున్నారు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ఇప్పుడు మదర్‌బోర్డ్ పోయింది అంటున్నారట. ఆవిడకి ఒకటే టెన్షన్, పరీక్షల పేపర్లన్నీ అందులోనే ఉన్నాయి. నేను ఆ నాలుగు ప్రశ్నలూ అడిగాను. క్లాసు చెప్పేది ఎక్కడమ్మా? బాల్కనీ గదిలో, అక్కడ ప్లగ్ లేదు, బ్యాటరీ మీదే. ఆగేటప్పుడు బ్యాటరీ ఎంత చూపిస్తోంది? ముప్ఫై, ముప్ఫై ఐదు. మళ్లీ ఆన్ చేస్తే? ఛార్జర్ పెడితే వెంటనే వస్తుంది.

ఇంకేముంది? అదే చెప్పేసింది. బ్యాటరీ అరిగిపోయింది. కెమెరా, మైకు, స్క్రీన్ వెలుగు అన్నీ కలిపి ఒక్కసారి లాగేసరికి ముప్ఫై శాతం దగ్గరే చేతులెత్తేస్తోంది. వేడి ఉంది, వేడి వల్ల కాదు. బ్యాటరీ మార్చాం, అంతే. ఆ మార్చిన ఫ్యాన్ పాపం ఏ తప్పూ చెయ్యలేదు.

ఇది మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి (powercfg /batteryreport). ఒక ఫైల్ తయారవుతుంది, ఎక్కడ దాచిందో కూడా అదే చెప్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది కొత్తలో ఎంత పట్టేదో, రెండోది ఇప్పుడు ఎంత పడుతోందో. రెండోది మొదటిదాంట్లో సగానికి దిగిపోయిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఛార్జర్ కూడా అంతే. ఈ టైప్ సీ వచ్చాక అందరి ఛార్జరూ అందరికీ దూరుతోంది. 65 వాట్లు కావాల్సిన లాప్‌టాప్‌కి ఫోన్ ఛార్జర్ గుచ్చి, ఛార్జింగ్ ఎక్కుతోంది కదా అనుకుంటారు. ఎక్కుతుంది, మెల్లగా ఎక్కుతుంది. బరువు పని పెట్టగానే లోటు బ్యాటరీ లోంచి లాగుతుంది. బ్యాటరీ కూడా నీరసంగా ఉందనుకోండి, ఆగిపోతుంది. మీ లాప్‌టాప్ అడుగున, ఛార్జర్ మీద వాట్లు రాసి ఉంటాయి, లేకపోతే వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి, గుణిస్తే వాట్లు వస్తాయి. ఒకసారి సరిచూసుకోండి.

ఇంకో పరీక్ష కూడా చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. ఆన్ చేసేటప్పుడే బయోస్ స్క్రీన్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్లండి. కంపెనీని బట్టి ఎఫ్2, డిలీట్, ఎఫ్10, ఏదో ఒకటి ఉంటుంది. ఆ స్క్రీన్ మీదే వదిలేసి కాఫీ తాగి రండి. అక్కడ విండోస్ లేదు, వైరస్ లేదు, క్రోమ్ లేదు. అక్కడ కూడా ఆగిపోయిందా? అయితే ఫార్మాట్ కొట్టించుకోవడం దండగ. లోపం సామానులోనే ఉంది. మనవాళ్లు ఏదైనా ముందు ఫార్మాట్ కొట్టేయమంటారు కదా, అందుకని చెప్తున్నాను.

విండోస్ కూడా డైరీ రాసుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్ అని వెతికి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరవండి. కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది. అది చూసి చాలామంది కంగారు పడి గూగుల్‌లో వెతికేస్తారు. ఆ 41 చెప్పేది ఒక్కటే: "నన్ను సరిగ్గా షట్‌డౌన్ చెయ్యలేదు, కరెంటు పోయినట్టు పోయాను" అని. ఎందుకో దానికీ తెలియదు. అదే కెర్నల్ పవర్ 86 కనిపిస్తే మాత్రం అది వేడే, థర్మల్ అని అక్కడే రాసి ఉంటుంది. 86 లేదు కాబట్టి వేడి కాదు అనుకోకూడదు, అది గుర్తు పెట్టుకోండి. చిప్ తనంతట తాను కరెంటు కోసేసుకుంటే విండోస్‌కి రాసుకునే టైమ్ ఉండదు.

చిప్ తనంతట తాను కోసేసుకోవడం ఏంటి? చెప్తాను. ఈ ప్రాసెసర్లు చాలావాటికి 100 డిగ్రీల దగ్గర ఒక గీత ఉంటుంది. కొన్నిటికి 95, కొన్నిటికి 105. ఆ గీత దగ్గరికి రాగానే అది వేగం తగ్గించుకుంటుంది. మీకు లాప్‌టాప్ స్లో అయినట్టు కనిపించేది అప్పుడే. వేగం తగ్గించుకున్నా వేడి దిగకుండా ఇంకా పైకే పోతుంటే, ఇక లాభం లేదని మొత్తం ఆపేస్తుంది. మీ ఫైల్ సేవ్ అయిందా లేదా అది చూడదు. తను బతకాలి కదా.

ఆ వేడి ఎంతో చూసుకోవడం తేలిక. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని, కోర్ టెంప్ అని ఉచితంగా దొరుకుతాయి. సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. ఎక్కడపడితే అక్కడ దించుకుంటే కొత్త తలనొప్పి. ఊరికే కూర్చున్నప్పుడు 45, 55 మధ్య ఉంటే మన ఎండలకి మామూలే. బరువు పని మీద 80, 90 దాకా వెళ్లడం కూడా చాలా లాప్‌టాప్‌లకి మామూలే, గేమింగ్‌వి ఇంకా పైకి వెళ్తాయి. యూట్యూబ్ చూస్తుంటేనే 95 కొడుతోందంటే అది మామూలు కాదు.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి. అందరూ అంటారు, వైజాగ్ ఉక్కకి లాప్‌టాప్‌లు ఆగిపోతున్నాయని. ఉక్కపోత మనకండీ, లాప్‌టాప్‌కి కాదు. మనకి ఎందుకు ఉక్కపోస్తుంది? గాల్లో తేమ ఎక్కువై చెమట ఆరదు కాబట్టి. లాప్‌టాప్‌కి చెమట పట్టదు కదా! దానికి కావాల్సింది గాలి ఎంత వేడిగా ఉందన్నదొక్కటే. గది 24 ఉన్నప్పుడు చిప్ 80 చూపిస్తే, అదే పనికి గది 34 అయితే చిప్ ఇంచుమించు 90 చూపిస్తుంది. గది ఎంత పెరిగితే అదీ దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే చలికాలంలో ఏ ఇబ్బందీ పెట్టని లాప్‌టాప్ ఏప్రిల్‌లో ఆగడం మొదలుపెడుతుంది. కొత్తగా పాడైందని కాదు, అంతకుముందే అంచున ఉంది.

తేమ చేసే చెడు వేరే ఉంది. అది నెమ్మదిగా చేస్తుంది. దుమ్ముని అంటుకునేలా చేస్తుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్ల నుంచి వచ్చే లాప్‌టాప్‌లు విప్పకుండానే గుర్తుపట్టొచ్చు, యూఎస్‌బీ నోళ్లు తుప్పు పట్టి ఉంటాయి, స్క్రూ తలలు తుప్పు పట్టి స్క్రూడ్రైవర్‌కి పట్టు దొరకదు. ఉప్పు గాలి. వన్‌టౌన్, పోర్టు వైపు నుంచి వచ్చేవి ఇంకోలా ఉంటాయి, లోపల దుమ్ము నల్లగా ఉంటుంది. అక్కడ కిటికీ గట్టు తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుందా లేదా? అక్కడివాళ్లు చెప్పండి. అదే దుమ్మే లోపలికీ వెళ్తుంది. ఇక వంటింటి పక్క టేబుల్ మీద పెట్టుకున్నవి వేరే రకం. తాలింపు పొగ, నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. అది ఊదితే పోదు, గోకాలి. పూజ గదిలో అగరొత్తుల పక్కన పెట్టుకుని లలితా సహస్రనామం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పెట్టుకోండమ్మా, కాస్త దూరంగా పెట్టుకోండి.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. నా దగ్గర ఒక పాత హీట్ సింక్ ఉంది, చేతులు మార్చుకుంటూ చూడండి. ఈ చిన్న రాగి పలక చిప్ మీద కూర్చుంటుంది. దాని నుంచి ఈ చదునైన రాగి గొట్టం వెళ్తోంది. ఇది గట్టి కడ్డీ కాదు, లోపల బోలు. గాలి తీసేసి, చుక్కో రెండు చుక్కలో నీళ్లు పెట్టి మూసేస్తారు. ప్రెషర్ తక్కువ కాబట్టి ఆ నీళ్లు మన గిన్నెలో నీళ్లలా 100 డిగ్రీల దాకా ఆగవు, తక్కువ వేడికే ఆవిరైపోతాయి. ఆవిరి ఈ చివరికి వచ్చి, చల్లబడి, నీరై, లోపలి గోడల వెంట మళ్లీ చిప్ దగ్గరికి పోతుంది. అలా తిరుగుతూనే ఉంటుంది. అందుకే దీన్ని వంచకూడదు, నొక్కకూడదు. నొక్కేశారా, పోయింది. ఈ చివర సన్నటి రేకులున్నాయి చూడండి, వీటి మధ్య నుంచి ఫ్యాన్ గాలి తోస్తుంది. అంతే, ఇందులో ఇంకేం లేదు.

మరి దుమ్ము ఎక్కడ కూర్చుంటుంది? బయట జాలీ దగ్గర అనుకుంటారు. మీరు బ్రష్ పెట్టి తుడిచేది అక్కడే కదా? అక్కడ కాదు. ఫ్యాన్‌కీ ఈ రేకులకీ మధ్య, లోపలి వైపు. ఫ్యాన్ తోసిన దుమ్ము రేకులకి తగిలి అక్కడే ఆగుతుంది. ఒక పొర, దాని మీద ఇంకో పొర. రెండు మూడేళ్ల తర్వాత ఫ్యాన్ మూత తీసి పట్టకారుతో పట్టుకుని లాగితే పాత కంబళి ముక్కలా ఒకే చాపగా లేచి వస్తుంది. దాంట్లో తల వెంట్రుకలు, దుప్పటి నూలు, ఒక్కోసారి చీమలు, బొద్దింక పిల్లలు కూడా. నవ్వకండి, వెచ్చగా ఉంటుంది కదా, వాటికి అంతకంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఆ చాప ఉన్నంతకాలం ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి రాదు. ఇందాక చెప్పాను కదా, హోరు ఉంది, గాలి లేదు. అదే ఇది.

బయటి నుంచి బ్లోయర్‌తో కొడితే పోతుందా? పల్చగా ఉంటే పోతుంది. చాపలా కట్టేస్తే పోదు, కొంచెం వెనక్కి జరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. కొట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. లాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి కొట్టండి. జాలీలోంచి ఒక టూత్‌పిక్ దూర్చి ఫ్యాన్ రెక్క తిరక్కుండా పట్టుకోండి. గాలికి ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటే చూడ్డానికి సరదాగానే ఉంటుంది, అది తట్టుకోగలిగిన వేగం దాటితే బేరింగ్ పోతుంది. ఆ తర్వాత రోజంతా కరకరమంటుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగకండి, దాని మొనలో స్టాటిక్ కరెంటు పుడుతుంది, బోర్డుకి మంచిది కాదు.

విప్పడం తెలిసినవాళ్లకి మాత్రం ఈ నాలుగు మాటలు. తెలియనివాళ్లు విని ఊరుకోండి, షాపువాడు ఏం చేస్తున్నాడో అర్థం అవడానికి పనికొస్తుంది. వారంటీ ఉంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి, మూత తీశాక వాళ్లతో వాదించలేం. అడుగు మూత తియ్యగానే మొదట చెయ్యాల్సింది బ్యాటరీ కనెక్టర్ పీకడం. మొదటి పని, రెండో పని కాదు. తర్వాత పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి, మిగిలిన కరెంటు పోతుంది. హీట్ సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు వేసి ఉంటాయి, చాలామంది చూడరు. బిగించేటప్పుడు ఆ వరసలోనే, కొంచెం కొంచెంగా. ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకి వెళ్తే పలక ఒరిగి చిప్‌కి పూర్తిగా ఆనదు. పేస్ట్ వేసీ ఉపయోగం లేదు.

పాత పేస్ట్ గోరుతో గీకకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, మెత్తటి గుడ్డతో. కొత్తది కందిబద్దంత చాలు, చిప్ పెద్దదైతే ఇంకాస్త. ఎంత ఎక్కువ వేస్తే అంత చల్లదనం అనుకుంటారు. పేస్ట్ పని చల్లబరచడం కాదండీ, చిప్‌కీ పలకకీ మధ్య కంటికి కనిపించని సందులు పూడ్చడం. ఎక్కువైతే అదే అడ్డం. పక్కన ర్యామ్ చిప్‌ల మీద బూడిద రంగో నీలం రంగో మెత్తటి ప్యాడ్‌లు ఉంటాయి, అవి చిరిగితే వాటి స్థానంలో పేస్ట్ పూసేవాళ్లున్నారు. అక్కడ సందు అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో ఉంటుంది, పేస్ట్ అందుకోదు. అదే మందం ప్యాడ్ తెచ్చి వెయ్యాలి.

కుర్రాళ్లు లిక్విడ్ మెటల్ గురించి అడుగుతారు. నీకు అది వద్దు నాన్నా. అందులో గాలియం ఉంటుంది, అల్యూమినియం తగిలితే తినేస్తుంది. పైగా కరెంటు పారుతుంది, ఒక బొట్టు పక్కకి జారితే బోర్డు షార్ట్. కంపెనీవాళ్లే వేసి ఇచ్చిన మోడళ్లు ఉన్నాయి, వాళ్లు చుట్టూ కట్టడి చేసుకుని వేస్తారు.

సాఫ్ట్‌వేర్ సంగతి తొందరగా చెప్పేస్తాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏమీ చెయ్యకుండా కూర్చున్నా సీపీయూ యాభై, అరవై శాతం చూపిస్తోందంటే ఎవరు తింటున్నారో పైన పేరు కనిపిస్తుంది. విండోస్ అప్‌డేట్ అయితే కాసేపు వదిలేయండి. పేరు తెలియనిది ఏదో రోజంతా తింటుంటే, ఈ మధ్య క్రాక్ సాఫ్ట్‌వేర్ ఏమైనా వేశారా అని పిల్లల్ని అడగండి. మీ కరెంటుతో వాడెవడో బిట్‌కాయిన్ లాంటివి తవ్వుకుంటూ ఉండొచ్చు. ఇక పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ మాగ్జిమమ్ స్టేట్ అని ఉంటుంది, 100 ఉన్నదాన్ని 99 చెయ్యండి. ఒక్క శాతంతో ఏమవుతుంది అనుకోకండి. చాలా లాప్‌టాప్‌లలో దాంతో టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు కంటే వేగం పెంచుకోవడం, ఆగిపోతుంది, వేడి బాగా దిగుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఆ ఆప్షన్ కనిపించదు, వాటిలో కంపెనీ యాప్‌లోనే క్వైట్ మోడ్ అని ఉంటుంది. ఇది మందు కాదు, రిపేరు అయ్యేదాకా పని నడిపించుకోవడానికి.

బ్యాగ్ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి, ఐటీ పిల్లలు వినండి. సాయంత్రం మూత మూసి, బ్యాగులో దోపేసి, మద్దిలపాలెంలో బస్సెక్కుతారు. మూత మూస్తే లాప్‌టాప్ ఆగిందనుకుంటారు. ఆగలేదు, పడుకుంది. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఆ నిద్ర కోడి నిద్రే. మధ్యలో లేచి మెయిల్ చూసుకుంటుంది, అప్‌డేట్ దించుకుంటుంది. బ్యాగులో గాలెక్కడిది? మధురవాడలో దిగి జిప్పు తీస్తే లోపల మండిపోతూ ఉంటుంది, బ్యాటరీ పది శాతం. మీలో ఎంతమందికి జరిగింది? చూశారా, ఎన్ని చేతులు లేచాయో! బ్యాగులో పెట్టేముందు షట్‌డౌన్ గానీ, హైబర్నేట్ గానీ చెయ్యండి. హైబర్నేట్ అంటే తెరిచి ఉన్నవన్నీ డిస్క్‌లో దాచుకుని పూర్తిగా ఆగిపోవడం. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా పవర్ ఆప్షన్స్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది, రోజూ గుర్తు పెట్టుకునే పని లేదు.

షాపుకి ఇచ్చేటప్పుడు ఏం అడగాలి? ఒకటే అడగండి. "చెయ్యకముందు ఎంత వేడి, చేశాక ఎంత వేడి, రెండూ ఒకే పని మీద చూపించండి." నిజంగా పని చేసి ఉంటే చూపిస్తాడు. ఫ్యాన్ మార్చామంటే పాతది ఇవ్వమనండి. శుభ్రం చేసి పేస్ట్ మార్చడం వందల్లో తేలే పని, మదర్‌బోర్డ్ అంటే వేలు. వందల పని చెయ్యకుండానే వేల మాట ఎత్తితే, ఇంకో చోట కూడా చూపించండి. మా వాళ్లకి కోపం వస్తుంది నేనిలా అంటే, వచ్చినా సరే.

ఇక మీ ప్రశ్నలు.

ఆయన అడిగేది కూలింగ్ ప్యాడ్ కొనాలా అని. లోపల చాప కట్టి ఉంటే కింద ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలికి గాలి పోదు. లోపల శుభ్రంగా ఉంటే కొన్ని డిగ్రీలు దిగుతుంది, అబద్ధం కాదు. కానీ అసలు కావాల్సింది వెనక వైపు ఓ అంగుళం ఎత్తు. రెండు పాత పుస్తకాలు వెనక అంచు కింద పెట్టండి, గాలి జాలీకి అడ్డం రాకుండా. మంచం మీద, దిండు మీద, ఒళ్లో దుప్పటి మీద మాత్రం పెట్టకండి. గాలి పీల్చేది అడుగు నుంచే.

ఏంటమ్మా? ఫ్రిజ్‌లోనా? ఎవరైనా పెడతారా అంటే, పెట్టారమ్మా, ఒకరు పెట్టి తెచ్చారు. ఏసీ కారులోంచి దిగగానే కళ్లజోడు మసకేస్తుందే, అదే నీరు ఫ్రిజ్‌లోంచి తీసిన లాప్‌టాప్‌కి లోపల బోర్డు మీద పడుతుంది. చల్లటి ఏసీ గదిలో రాత్రంతా ఆఫ్‌లో ఉన్నదాన్ని తెచ్చి బాల్కనీలో వెంటనే ఆన్ చేసినా కొంత అంతే. ఓ అరగంట ఆగి ఆన్ చెయ్యండి.

వాటర్ కూలర్ పెట్టుకుంటే? మన ఊళ్లో వద్దండీ. తేమ ఎక్కువున్న చోట అది పెద్దగా చల్లబరచదు, ఉన్న తేమని ఇంకా పెంచుతుంది. దాని ముందు లాప్‌టాప్ అసలే వద్దు.

ఇంకెవరు? ఆ బాబు చెయ్యెత్తాడు. ఆన్ చెయ్యగానే ఫ్యాన్ ఎర్రర్, 90బీ అని వస్తోందా? హెచ్‌పీయేనా? అయితే అది ఫ్యాన్ తిరగడం లేదని అదే చెప్తోంది. ఎంటర్ కొట్టి దాటేసి వాడుకోకు. ఫ్యాన్ ఇరుక్కుందా, వైరు ఊడిందా, పోయిందా, విప్పి చూడాలి. ఫ్యాన్ ఒక్కటే దొరుకుతుంది, మోడల్ నంబర్ రాసుకుని వెళ్లు.

చివరగా ఆవిడ. టచ్‌ప్యాడ్ ఈ మధ్య నొక్కుడు పడటం లేదు, కొంచెం పైకి లేచినట్టుంది, టేబుల్ మీద పెడితే లాప్‌టాప్ ఊగుతోంది అంటున్నారు. ఒక్కసారి ఇటు తీసుకురండమ్మా. అందరూ చూడండి, ఇక్కడ మూత కీలు పక్కన సందు విడిపోయింది. బ్యాటరీ ఉబ్బింది. ఇది వేడి మాట, ఫ్యాన్ మాట కాదు, ఇంకాస్త పెద్దది. ఆఫ్ చేసేస్తున్నాను. ఇంటికెళ్లి ఛార్జర్ పెట్టకండి. టచ్‌ప్యాడ్‌ని కిందకి నొక్కి సరిచెయ్యాలని చూడకండి, సూది గుచ్చి గాలి తీద్దామని అసలే వద్దు, అంటుకుంటుంది. మంచం మీద, పరుపు మీద కాకుండా, పక్కన కాగితాలూ గుడ్డలూ లేని చోట గచ్చు మీద ఉంచండి. రేపు పొద్దున్నే బ్యాటరీ తీయించేయండి. తీసినదాన్ని చెత్తబండిలో వెయ్యకండి, పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. మీ ఫైల్స్‌కి ఏం కాదు, అవి డిస్క్‌లో ఉన్నాయి, బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీద కూడా చాలా మోడళ్లు ఆన్ అవుతాయి. ఇంకెవరిదైనా ఇలా ఊగుతోందా? టేబుల్ మీద పెట్టి నాలుగు మూలలూ ఒకసారి నొక్కి చూసుకోండి.